గుర్రపు డెక్క: పూవు ముచ్చటకి తెచ్చారు, కాలువ నిండా మిగిలింది

కాస్త పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

పోయిన సార్వాలో పైన కాలువ వదిలి పన్నెండు రోజులైనా మా శివారు బోదెకి చుక్క రాలేదు. నారుమడి దున్ని పెట్టుకుని ఎదురు చూస్తున్నాం. ఇక ఆగలేక నేనూ, పక్క చేను బాబాయీ గట్టు వెంట పైకి నడిచాం. మూడు కిలోమీటర్లు నడిచేసరికి సంగతి తెలిసింది. రోడ్డు వంతెన ఖానాల దగ్గర గుర్రపు డెక్క పరుపులా పరుచుకుని ఉంది. దాని పైవైపు నీళ్లు గట్టు అంచు తాకుతున్నాయి, కిందివైపు మోకాలి లోతు కూడా లేవు. పరుపు మీద తెల్ల కొంగ ఒకటి దర్జాగా నడుస్తోంది. లేత ఊదారంగు పూలు, రేక మధ్యలో పసుప్పచ్చ చుక్క. ఒక పిల్లాడు ఆ పూలని ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాడు.

"ఈ దరిద్రం మనకే పట్టిందిరా" అన్నాడు బాబాయి.

మనకే అయితే బాగుండేది. ఆ రోజు మేం కర్రలతో తోసిన ఆ మొక్కే ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో ఉంది, అమెరికాలో ఫ్లోరిడా నదుల్లో ఉంది, ఈజిప్టు నైలు నదిలో, చైనా కాలువల్లో, బంగ్లాదేశ్ బీల్స్‌లో ఉంది. మంచు గడ్డకట్టే చలి దేశాలు, ఉప్పునీళ్లు తప్పిస్తే ప్రపంచంలో దాదాపు ప్రతి మంచినీటి మడుగులోకీ చేరింది. అది ఎలా చేరిందో, ఒక్కో దేశం దానితో ఎలా పోరాడిందో తెలుసుకుంటే మన కాలువకి ఏం చెయ్యాలో కొంత తెలుస్తుంది. ఈ పోస్టు అందుకే.

లోకమంతా ఉన్న జాతులు

ఏ జంతువుకైనా, మొక్కకైనా ఒక సొంతూరు ఉంటుంది. ఎర్రచందనం మన శేషాచలం కొండలు, ఆ చుట్టుపక్కల తప్ప అడవిలో తనంత తానుగా ఎక్కడా పెరగదు. కొన్ని జాతులు మాత్రం లోకమంతా ఉంటాయి. మన చేలోనే చూడండి. వరిలో ఊద, మెట్టలో తుంగ, గాదె కింద ఎలుక. ఈ మూడూ ఆసియాలో ఉన్నాయి, ఆఫ్రికాలో ఉన్నాయి, అమెరికాలో ఉన్నాయి. ప్రపంచంలో అన్నిటికన్నా చెడ్డ కలుపు ఏది అని శాస్త్రవేత్తలు లెక్క తీసినప్పుడు మొదటి పేరు మన తుంగదే వచ్చింది. వరి ఎక్కడికి వెళ్తే ఊద అక్కడికి వెళ్లింది, గింజల్లో గింజగా కలిసిపోయి. ఓడ ఎక్కడికి వెళ్తే ఎలుక అక్కడికి వెళ్లింది. మనిషి వెళ్లిన చోటికే ఇవీ వెళ్లాయి.

ఇలా వచ్చినవన్నీ చెడ్డవని కాదు. గుంటూరు మిరప పుట్టిల్లు గుంటూరు కాదు, అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చి ఐదు వందల ఏళ్లు. మొక్కజొన్న, వేరుశనగ, బొప్పాయి, జామ, టమాటా అన్నీ అటునుంచి వచ్చినవే. మనం ఇచ్చిందీ ఉంది. మన ఒంగోలు గిత్త ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాని సంతతిని 'నెలోర్' అంటారు, మన నెల్లూరు పేరు మీద. ఇవాళ బ్రెజిల్ పశుసంపదలో పెద్ద భాగం ఆ రక్తమే.

విచిత్రం ఏంటంటే, గుర్రపు డెక్క సొంతూరు కూడా ఆ బ్రెజిల్ వైపే. ఒంగోలు గిత్త అటు వెళ్లింది, డెక్క ఇటు వచ్చింది. కానీ రెంటికీ ఒక తేడా ఉంది. గిత్త వెళ్లిన చోట దానికి యజమాని ఉన్నాడు. కంచె వేశాడు, మేత వేశాడు, ఎన్ని ఉండాలో లెక్క చూశాడు. మిరపకీ యజమాని ఉన్నాడు. డెక్కకి మాత్రం తెచ్చినవాడు ఉన్నాడు గానీ ఆ తర్వాత బాధ్యత పడ్డవాడు లేడు.

పుట్టింట్లో అది బుద్ధిగానే ఉండేది

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది లోతట్టు ప్రాంతం. 1823లో కార్ల్ వాన్ మార్షియస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిల్ నుంచి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తర్వాత దానికి పెట్టిన 'ఐకార్నియా' అనే పేరు కూడా ఐక్‌హార్న్ అనే ప్రష్యా మంత్రి గౌరవార్థం పెట్టిందే. ఈ జర్మనీ ముచ్చట గుర్తు పెట్టుకోండి, బెంగాల్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అమెజాన్‌లో నీటిమట్టం ఏడాదిలో చాలా మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరద వచ్చినప్పుడు మొక్క నీటితోపాటు పైకి తేలాలి, కొట్టుకుపోయిన చోట బతకాలి, నీళ్లు తగ్గితే బురదలో గింజ దాచుకోవాలి. అందుకే దాని కట్టడం అలా ఉంది. ఆకు కాడ మధ్యలో ఉబ్బి స్పాంజిలాగా గాలి నింపుకుని ఉంటుంది, తెప్పలా తేలడానికి. ఆకు గుర్రం డెక్కలా గుండ్రంగా ఉంటుంది, అందుకే మనవాళ్లు ఆ పేరు పెట్టారు. వేరు మట్టిలో నాటుకోదు, నీళ్లలోనే కుచ్చులా వేలాడి పారే నీటిలోని ఎరువుని జుర్రుకుంటుంది. పక్కకి ఒక పిలక తీగ వేసి దాని కొసన పిల్ల మొక్క పెడుతుంది, ఆ పిల్ల ఇంకో తీగ వేస్తుంది. ఎండ, ఎరువు దొరికితే రెండు వారాల్లో, ఒక్కోసారి ఇంకా ముందే, మొక్కల సంఖ్య రెట్టింపవుతుంది. పూసినాక గింజ నీటి అడుగున బురదలో పడితే ఇరవై ఏళ్లదాకా మొలిచే శక్తి ఉంటుంది.

ఇంత బలం ఉండీ పుట్టింట్లో అది నదుల్ని మింగెయ్యలేదు. కారణం, అక్కడ దానికి శత్రువులు ఉన్నారు. ఆకు గీరి తినే ముక్కు పురుగులు, కాడలో తొలిచే పురుగులు, నల్లులు దానితోపాటే పుట్టి పెరిగినవి. ఓడెక్కినప్పుడు మొక్క ఒక్కటే ఎక్కింది, శత్రువులు అక్కడే ఉండిపోయారు. పోలీసు లేని ఊళ్లో దొంగకి దొరికిన స్వేచ్ఛ దానికి దొరికింది.

ఇంకో సంగతి. ప్రపంచం నలుమూలల నుంచి ఈ మొక్కల నమూనాలు తెచ్చి జన్యుపరీక్ష చేస్తే, పుట్టిల్లు దాటిన చోట్ల చాలా భాగం ఒకే తల్లి మొక్క పిలకలని తేలింది. మనం అరటి పిలక తెచ్చి నాటుకుంటే తల్లి చెట్టే కదా మళ్లీ వచ్చేది, ఇదీ అంతే. ఆఫ్రికాలో జాలరి పడవకి అడ్డం పడేదీ, మన బోదెకి అడ్డం పడేదీ చాలావరకు ఒకే మొక్క ముక్కలు. రక్తబీజుడి కథ విన్నాం కదా, చుక్క చుక్కకీ ఒక రాక్షసుడు అని. ఇది ముక్క ముక్కకీ ఒక మొక్క.

అమెరికా: పూల ముచ్చట, ఏనుగంత ఆలోచన

పందొమ్మిదో శతాబ్దంలో దొరల తోటల్లో, బొటానికల్ గార్డెన్లలో దీన్ని పూల కోసం పెంచారు. 1884లో న్యూ ఆర్లీన్స్ నగరంలో పెద్ద పత్తి ప్రదర్శన జరిగింది. అమెరికాలో ఈ పూల మొక్క జనం చేతికి వెళ్లింది ఆ ప్రదర్శన రోజుల్లోనే అంటారు. ఇళ్ల ముందు కొలనుల్లో వేసుకున్నారు. కొలను నిండగానే ఎక్కువైనవి పీకి నదిలో పారేశారు. పదిహేనేళ్లు తిరక్కుండా ఫ్లోరిడా, లూసియానా నదుల్లో స్టీమర్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. 1899లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి, నదుల్లో డెక్క తీసే పనిని సైన్యం ఇంజినీర్లకి అప్పగించింది.

1910లో లూసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రూసార్డ్ ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటి ఏనుగుల్ని తెప్పిద్దాం, అవి డెక్క తింటాయి, వాటి మాంసం మనం తిందాం, కలుపూ పోతుంది, మాంసం కరువూ తీరుతుంది అన్నది ఆయన లెక్క. నవ్వకండి, నిజంగానే చర్చ జరిగింది. బిల్లు మాత్రం గట్టెక్కలేదు. గట్టెక్కి ఉంటే ఇవాళ వాళ్లకి డెక్కతోపాటు నీటి ఏనుగుల బెడద కూడా ఉండేదేమో. ఒక తప్పుని దిద్దడానికి ఇంకో జాతిని ఆలోచించకుండా తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఈ కథ చెబుతుంది.

బెంగాల్: మనలాంటి డెల్టా, మనలాంటి రైతులు

మనకి ఎక్కువ పనికొచ్చే కథ బెంగాల్‌ది. అదీ మనలాగే డెల్టా, వరి, కాలువలు, పడవలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడికి ఈ పూల మొక్క చేరింది. 1910ల నాటికి తూర్పు బెంగాల్ ఏర్లలో, చెరువుల్లో కమ్ముకుంది. వరద వచ్చినప్పుడు తేలే డెక్క గుంపులు వరి చేలలోకి వచ్చి పైరుని కింద పడేసి తొక్కేసేవి. జనపనార పడవలు కదిలేవి కాదు. మార్కెట్‌కి వెళ్లే దారి అదొక్కటే కాబట్టి రైతుకి రెండు దెబ్బలు. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో, దీన్ని జర్మనీవాళ్లే మన మీదకి వదిలారని పుకారు పుట్టింది. అక్కడి జనం దానికి 'జర్మన్ పానా' అని పేరు పెట్టేశారు. పానా అంటే నీటి కలుపు. శత్రువు ఎవరో తెలియనప్పుడు, దొరికినవాడి పేరు పెట్టుకోవడం మనుషులకి అలవాటు కదా.

అదే సమయంలో ఇంకో తమాషా జరిగింది. పొటాష్ ఎరువు అప్పట్లో జర్మనీ నుంచే వచ్చేది, యుద్ధంతో ఆగిపోయింది. డెక్క బూడిదలో పొటాష్ బాగా ఉంటుందని ఢాకాలో వ్యవసాయ శాస్త్రజ్ఞులు 1917 నాటికే పరీక్షించి చెప్పారు. జర్మనీ పేరుతో తిట్టిన మొక్కలోనే జర్మనీ ఎరువు దొరికింది.

1921లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద సామాన్యుడు కాదు, జగదీశ్ చంద్ర బోస్. మందులు చల్లాలా, యంత్రాలు పెట్టాలా, కూలీలతో తీయించాలా, ఖర్చు ఎవరిది అన్న దాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. మందు అమ్మేవాడు మందే దారి అన్నాడు. డెక్క మాత్రం వాదనల్లో పాల్గొనకుండా పెరుగుతూ పోయింది. 1936లో బెంగాల్ నీటి డెక్క చట్టం వచ్చింది. ఎవరి నీటిలో డెక్క ఉంటే వాళ్లే తీసెయ్యాలి, పెంచకూడదు. 1937 ఎన్నికల్లో డెక్క తీయిస్తాం అనేది ఓట్లడిగే వాగ్దానం అయ్యింది. గెలిచి ప్రధాని అయిన ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ఊరూరా జనాన్ని దింపి ఒకే సమయంలో డెక్క తీసే ఉద్యమం నడిపింది. 1947 నాటికి అక్కడ పరిస్థితి చాలావరకు అదుపులోకి వచ్చింది.

ఇక్కడ గమనించండి. కమిటీతో తగ్గలేదు, ఒట్టి చట్టంతో తగ్గలేదు. ఊళ్లన్నీ ఒకే వారంలో నీళ్లలో దిగితే తగ్గింది. నేను తీసి మీరు తీయకపోతే, మీ దగ్గరి నుంచి నా దగ్గరికి రెండు రోజుల్లో తేలి వస్తుంది. పొలం కలుపు ఎవరి గట్టు లోపల వాళ్లది. నీటి కలుపుకి గట్టు లేదు.

తర్వాత రోజుల్లో అక్కడి రైతులు ఇంకో మెట్టు ఎక్కారు. వరద నీళ్లు నెలల తరబడి నిలిచే చోట డెక్కని మందంగా పేర్చి, కుళ్లబెట్టి, ఆ తేలే మడి మీదే కూరగాయలు, నార్లు పెంచుతున్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ తేలే సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

మన డెల్టా: డెక్కకి పరుపు ఎవరు వేశారు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బైంది. ఆ దెబ్బ తర్వాతే కృష్ణకి ఆనకట్ట అనే ఆలోచన గట్టిపడింది. కాటన్ దొర సలహా, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855 నాటికి బెజవాడ ఇంద్రకీలాద్రికీ, సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట లేచింది. అది 1952లో తెగింది. 1957లో ఇప్పటి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద దాదాపు 13 లక్షల ఎకరాలు.

ఆ కాలువల్ని సాగుకే తవ్వలేదు, రవాణాకి కూడా తవ్వారు. అందుకే లాకులు కట్టారు. బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాకి, అటు కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసుకి పడవలు నడిచాయి. ధాన్యం, ఉప్పు, బెల్లం, పెళ్లివారు, అందరూ కాలువ మీదే. పడవ నడిచినంత కాలం కాలువ మధ్య దారి తెరిచి ఉంచక తప్పలేదు. పడవవాడికి ఆ దారి అన్నం గిన్నె. అడ్డం పడితే అరిచేవాడు, అరిస్తే పై అధికారి వినక తప్పేది కాదు. లారీలు వచ్చాయి, రోడ్లు పడ్డాయి, 1960, 70ల్లో పడవలు తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఆ రోజుతో కాలువని నిలువునా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసుకునే మనిషి పోయాడు. మనలో ప్రతివాడూ మన తూము దగ్గరే చూస్తాం. తూముకీ తూముకీ మధ్య కాలువ ఎవరిది?

రెండో మార్పు నీళ్లలో వచ్చింది. డెక్క నీళ్లు తాగి బతకదు, నీళ్లలోని నత్రజని, భాస్వరం తిని బతుకుతుంది. ఆనకట్ట కట్టిన రోజుల్లో కాలువలో వచ్చింది ఎర్రమట్టి నీళ్లు. ఇప్పుడు బెజవాడ నడిబొడ్డు నుంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ వెళ్తాయి. పట్నం మురుగు కలుస్తుంది, ఊళ్ల మురుగు కలుస్తుంది. మనం చల్లిన యూరియాలో కొంత మడి దాటి మురుగు కాలువలోకి జారుతుంది. వాన ముందు చల్లితే మరీ ఎక్కువ. చేపల చెరువుల నీళ్లు, మేత బురదతో సహా, డ్రెయిన్లలోకి వదులుతాం. డెక్క వచ్చి మన నెత్తిన పడిందని అనుకుంటాం గానీ, మూడు పూటలా విస్తరి వేస్తున్నది మనమే.

మూడోది నీళ్లు నిలిచిపోవడం. బాగా పారే నీటిలో డెక్క నిలవదు, కొట్టుకుపోతుంది. పూడిక పేరుకుని, వంతెన ఖానాలు ఇరుకై, గట్టు ఆక్రమణలతో కాలువ సన్నబడి నీళ్లు మందగించిన చోటే కాపురం పెడుతుంది. కాపురం పెట్టాక నీటిని ఇంకా మందగింపజేస్తుంది, దాంతో ఇంకాస్త పూడిక. మురుగు కాలువల్లో ఇది మరీ ప్రమాదం. సాగు కాలువలో అడ్డం పడితే శివారు ఎండుతుంది, డ్రెయిన్‌లో అడ్డం పడితే పైరు మునుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, బుడమేరు బెజవాడని ముంచడం అందరం చూశాం. ఆ వరదకి కారణాలు పెద్దవి, డెక్క మీదే తోసెయ్యడం అన్యాయం. కానీ నీళ్లు పోవలసిన దారి ఖాళీగా ఉంచుకోకపోతే ఏమవుతుందో అది గట్టిగానే చెప్పింది.

దానికి పడని జాగా ఒకటే, ఉప్పు. సముద్రపు పోటు నీళ్లు తగిలే చోట డెక్క వాడి చస్తుంది. అలాగని ఉప్పు నీళ్లు చేలోకి తెచ్చుకోలేం కదా.

పురుగుని తెచ్చుకుంటే?

శత్రువు పుట్టింట్లో ఉండిపోయాడు అన్నాను. ఆ శత్రువునే తెస్తే? ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్త కాదు. పెద్దవాళ్లని అడగండి, నాగజెముడు గురించి చెబుతారు. అదీ అమెరికా ఖండం నుంచే వచ్చింది. మద్రాసు రాజధానిలో బీళ్లూ డొంకలూ ఆక్రమించింది. పురుగులు, తెగుళ్లు, ముదిరిన కలుపు మీద చర్య తీసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1919లోనే చట్టం చేసింది. 1926లో సింహళం నుంచి ఒక రకం పిండి పురుగుని తెచ్చి నాగజెముడు మీద వదిలితే, కొన్నేళ్లలోనే తుడిచిపెట్టినట్టు పోయింది. ఆ పురుగు ఆ జాతి జెముడు తప్ప ఇంకోటి ముట్టదు. గెలుపు రహస్యం అదే.

డెక్కకి కూడా అలాగే 1982లో ముక్కు పురుగుల్ని మన దేశానికి తెచ్చారు. మన పైర్ల మీద వాలతాయా అని పరీక్షించాకే వదిలారు. బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో కొన్నేళ్లలో డెక్క బాగా తగ్గింది. విక్టోరియా సరస్సులో 1980ల చివర కనపడ్డ డెక్క పదేళ్లలో రేవుల్ని మూసేస్తే, 1990ల మధ్యలో ఇవే పురుగుల్ని వదిలారు. తుఫాను గాలులు కూడా కలిసొచ్చి ఆ దశాబ్దం చివరికి చాలా తగ్గింది. కానీ బురదలో గింజ ఉంది, పట్నాల మురుగు ఆగలేదు, మళ్లీ లేచింది.

మన కాలువల్లో పురుగు ఒక్కటే చేసే పని కాదని నాకు అనిపిస్తోంది. పురుగు నిలదొక్కుకోవడానికి కదలని నీళ్లు, రెండు మూడేళ్ల సమయం కావాలి. మనం వేసవిలో కాలువ కట్టేస్తాం, సార్వాకి వదులుతాం, మధ్యలో యంత్రంతో తోడేస్తాం. ప్రతిసారీ పురుగు కూడా పోతుంది. కొల్లేరులాంటి, పెద్ద చెరువుల్లాంటి చోట్ల దానికి దారి ఉంది. కాలువకి మన చెయ్యే దిక్కు.

మందు కొట్టేద్దాం అనేవాళ్లకి ఒక్క మాట. డెల్టాలో ఊరి మంచినీళ్ల చెరువు నింపేది ఆ కాలువతోనే. పైగా మందుకి చచ్చిన డెక్క అక్కడే కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు లాగేస్తుంది, చేపలు తేలతాయి, తిన్న ఎరువంతా మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. తర్వాతి డెక్కకి అదే ఎరువు.

ఒక చిన్న లెక్క

ఇంత కథ చెప్పింది ఈ లెక్క కోసం. ఏప్రిల్ చివర కాలువ కట్టేశాక ఎక్కడో వంతెన కింద గుంటలో పది మొక్కలు మిగిలాయనుకోండి. రెండు వారాలకోసారి రెట్టింపు. ఆగస్టు పదిహేనుకి ఎనిమిది రెట్టింపులు, అంటే 2560 మొక్కలు. ఎరువు నీళ్లు దొరికి పది రోజులకోసారి రెట్టింపైతే పదకొండు సార్లు, అంటే 20 వేలు దాటతాయి. ఏప్రిల్‌లో ఆ పదిటినీ తియ్యడానికి ఒక మనిషి, ఒక గంపా చాలు. ఆగస్టులో పొక్లెయిన్ కావాలి, టెండరు కావాలి, బిల్లు కావాలి. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది దీనికోసమే అన్నట్టుంది.

మనం మాత్రం ఏం చేస్తాం? నీళ్లు రాకపోతే ఆగస్టులో అరుస్తాం. నేనూ అంతే, పోయిన ఏడు పన్నెండో రోజున గట్టెక్కాను గానీ, మే నెలలో ఆ వంతెన కింద ఎప్పుడైనా తొంగి చూశానా? చూడలేదు.

అందుకే ఈ ఏడు మేం అనుకున్నవి చెబుతాను. మీకు నచ్చితే మీ బోదె మీద మీరూ చెయ్యండి.

కాలువ కట్టేసిన వారంలోపే ఒక ఆదివారం, పై ఊరు, మా ఊరు, కింది ఊరు ఒకేసారి దిగాలి. వంతెనల కింద, తూముల ముందు, నీళ్లు నిలిచిన గుంటల్లో మిగిలినవి పీకాలి. ముక్కలు కూడా వదలకూడదు, ముక్క చాలు దానికి. పూత రాకముందు తీస్తే బురదలో కొత్త గింజ పడదు. పాత గింజ ఇరవై ఏళ్లు ఉంటుంది కాబట్టి ఒక్క ఏడుతో అయిపోతుందని మాత్రం అనుకోవద్దు, ఏటా చెయ్యాల్సిందే.

తీసింది గట్టు అంచున పోసి వచ్చెయ్యకూడదు. మొదటి వానకి మళ్లీ కాలువలోకే జారుతుంది. యంత్రాలతో తీయించినప్పుడు కూడా చూస్తూనే ఉన్నాం, తీసిన బిల్లు ఒకటి, జారిన డెక్క ఒకటి. దూరంగా ఎండలో పరిచి వాడబెట్టాలి. అందులో నూటికి తొంభై అయిదు వంతులు నీళ్లే, నాలుగు రోజులు ఎండితే బండెడు గంపెడవుతుంది. తర్వాత పేడ, మట్టి కలిపి గుంటలో వేస్తే ఎరువు. పొటాష్ ఉన్న ఎరువు. అయితే పట్నం మురుగు కాలువలో పెరిగిన డెక్క విషపు లోహాల్ని కూడా పీల్చుకుంటుంది. దాన్ని పశువులకి వెయ్యొద్దు, కూరగాయల మడికి వెయ్యొద్దు.

యూరియా మబ్బు చూసి చల్లడం మానాలి. మడిలో నీళ్లు తీసి, చల్లి, ఒకటి రెండు రోజులు కట్టి ఉంచితే డబ్బులూ మిగులుతాయి, డెక్కకి విస్తరీ తగ్గుతుంది. పట్నం మురుగు గురించి నీటి సంఘాలు కలిసి అడగాలి. అడిగే ముందు మన ఊరి మురుగు ఎటు పోతోందో కూడా చూసుకోవాలి, లేకపోతే మన నోరు లేవదు.

మిరపకి యజమాని ఉన్నాడు, గిత్తకి యజమాని ఉన్నాడు, అందుకే లోకమంతా తిరిగినా అవి మనిషికి అన్నం పెడుతున్నాయి. డెక్కకి యజమాని అక్కర్లేదు, యజమాని లేని నీళ్లు దొరికితే చాలు. మన కాలువని అలా వదలొద్దు.

బాబాయి మొన్న వంతెన దగ్గర ఆగి కింద తొంగి చూసి, "ఏడు ఉన్నాయిరా" అన్నాడు. లెక్కబెట్టాడంటే సగం పని అయినట్టే. మీ వంతెన కింద ఎన్ని ఉన్నాయో చూసి రాయండి.